గడప మీద తెగిన కథ

హిరణ్యకశిపుడు బ్రహ్మను అడిగిన వరాన్ని, కథలు రాసేవాళ్లు ఒక్కసారైనా భక్తిని పక్కన పెట్టి చదవాలి. మనిషి చేతిలో చావొద్దు, మృగం చేతిలో చావొద్దు. పగలు వద్దు, రాత్రి వద్దు. ఇంటి లోపల వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. ఏ ఆయుధంతోనూ వద్దు. ఇంత పకడ్బందీగా దస్తావేజు రాయించుకున్న రాక్షసుడు మన పురాణాల్లో ఇంకొకడు కనిపించడు. వింటున్నవాడికి ఇక దారి లేదనిపించాలి. చెప్పేవాడు ఆ దారి లేని చోటే దారి తీయాలి. సంధ్యవేళ, గడప మీద, తొడ మీద పడుకోబెట్టుకుని, గోళ్లతో, సగం మనిషీ సగం సింహమూ అయినవాడు. వరంలో ఒక్క మాట కూడా అబద్ధం కాలేదు. రాక్షసుడు మాత్రం మిగల్లేదు.

నేను ధర్మపురిలో ఉండి కథలు రాసుకునేవాణ్ని. ఇక్కడ నరసింహస్వామి లేని మాట లేదు. పిల్లలకు పేరు పెట్టినా ఆయన పేరే, ఒట్టు వేసినా ఆయన మీదే. అలాంటి ఊళ్లో జాతర అంగళ్ల నిండా ఇప్పుడు స్పైడర్‌మ్యాన్ ముసుగులు, ఐరన్ మ్యాన్ బొమ్మలు వేలాడుతున్నాయి. తండ్రి భుజాలెక్కి తెప్పోత్సవం చూసే పిల్లగాడి నెత్తిన బ్యాట్‌మ్యాన్ చెవులుంటాయి. పెద్దవాళ్లకు ఇది కొంచెం ఇబ్బంది. నాకైతే ఆ పిల్లగాడు సరైన చోటికే వచ్చాడనిపిస్తుంది.

సూపర్ హీరో సినిమాలంటే తోటి రచయితల్లో చాలామందికి చిన్నచూపు. కథ ఉండదు, కొట్లాటే ఉంటుందంటారు. నేను చూస్తాను, ఇష్టంగానే చూస్తాను. ఎందుకంటే వాటిని తీసేవాళ్ల ముందున్న చిక్కు నాకూ ఉంది: గెలుస్తాడని అందరికీ తెలిసిన మనిషితో జనాన్ని అంతసేపు ఎలా కూర్చోబెట్టాలి? ఈ చిక్కు సినిమా పుట్టకముందు నుంచీ ఉన్నది. ఉత్తర తెలంగాణ ఊళ్లలో చిందు బాగోతం ఆడినవాళ్లు, ఒగ్గుకథ చెప్పినవాళ్లు, పటం విప్పి కులపురాణం పాడినవాళ్లు తరతరాలుగా దీన్ని రాత్రికి రాత్రి విప్పుతూ వచ్చారు. వాళ్ల పనితనం గురించి మనం భక్తి అనో, జానపదం అనో ఒక్క మాటలో తేల్చేస్తాం. అది ముందుగా కథాశిల్పం. నేను దాన్ని అట్లా చూడటం మొదలుపెట్టాకే సూపర్ హీరో సినిమాల్లో ఏది బాగుంటుందో, ఏది తేలిపోతుందో అర్థమైంది.

సూపర్‌మ్యాన్ దగ్గర్నుంచి చూద్దాం. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సృష్టించిన ఆ హీరో 1938లో కామిక్ పుస్తకంలో మొదటిసారి అచ్చయ్యాడు. అప్పుడతను ఎగరలేడు, పెద్ద పెద్ద గెంతులు మాత్రమే వేయగలడు. ఎగరడం తర్వాత వచ్చింది. బలం పెరిగేకొద్దీ కథలు రాసేవాళ్లకు ఊపిరాడలేదు. తూటా తగలదు, నిప్పు కాల్చదు, కొండ మీద పడ్డా చావడు. ఇక భయపడాల్సింది ఏముంది? 1943లో రేడియో నాటకం రాసేవాళ్లు క్రిప్టొనైట్ అనే రాయిని తెచ్చారు. అది దగ్గరుంటే అతని బలం ఉడిగిపోతుంది. కామిక్ పుస్తకాల్లోకి ఆ రాయి మరికొన్నేళ్లకు గానీ రాలేదు. అంటే ముందు బలం పుట్టింది, దానికి హద్దు కోసం తర్వాత వెతుక్కున్నారు.

మన కథకులు ఈ పనిని తిరగేసి చేశారు. ప్రహ్లాద కథలో అతీత శక్తి మొదట దొరికేది దేవుడికి కాదు, రాక్షసుడికి. అదీ ఊరికే దొరకలేదు. సూపర్‌మ్యాన్‌కు పుట్టుకతో వచ్చింది, స్పైడర్‌మ్యాన్‌కు సాలీడు కుట్టి వచ్చింది. హిరణ్యకశిపుడు ఘోరమైన తపస్సు చేసి, ఒళ్లు పుట్టలు పట్టేదాకా కూర్చుని సంపాదించుకున్నాడు. ఆ తర్వాత వచ్చే దేవుడి రూపం వరం కొలతలకు సరిగ్గా కుట్టిన అంగీ. వరంలో ఏయే మాటలున్నాయో వాటి సందుల్లోంచే ఆ రూపం పుట్టింది. హద్దే హీరోను తయారు చేసింది. ఇంతకన్నా గట్టి కథాసూత్రం నాకు ఏ స్క్రీన్‌ప్లే పుస్తకంలోనూ దొరకలేదు.

ఇంకో విచిత్రం, నరసింహుడు కథ అంతటా కనిపించడు. పోతన భాగవతంలో ఏడో స్కంధం చదివినా, ఊళ్లో ఆట చూసినా ఇదే వరస. హిరణ్యకశిపుడి కొడుకు ప్రహ్లాదుణ్ని ఏనుగులతో తొక్కిస్తారు, పాములతో కరిపిస్తారు, విషం పెడతారు, నిప్పుల్లో వేస్తారు, సముద్రంలో పడేస్తారు. ఆ పిల్లవాడికి ఏ శక్తీ లేదు. చేతులు జోడించి నిలబడతాడు, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్తాడు, అంతే. బలమున్న హీరో చిట్టచివర కొద్దిసేపు వచ్చిపోతాడు. అంతదాకా కథను మోసేది బలం లేని పసివాడి మొండితనం. చిందు ఆటలో నన్ను కట్టిపడేసే ఘట్టం స్తంభం పగిలి నరసింహుడు రావడం కాదు, దానికి ముందు తండ్రీ కొడుకుల మాటల పోటీ. తండ్రి గొంతు పెరుగుతూ ఉంటుంది, కొడుకు గొంతు పెరగదు. మద్దెల తండ్రి వైపే ఉంటుంది. జనం మాత్రం కొడుకు వైపు జరుగుతూ వస్తారు.

చిందు బాగోతం చూడనివాళ్లకు కొంచెం వివరంగా చెప్పాలి. చిందు మాదిగలు ఆడే యక్షగానం ఇది. మేళం అంటే సాధారణంగా ఒక కుటుంబం, దాని చుట్టాలు. ఆడవాళ్లు కూడా వేషాలు కడతారు, మగ వేషాలు సైతం. నిజామాబాద్ జిల్లా బోధన్ దగ్గరి అమ్దాపూర్‌లో బతికిన చిందుల ఎల్లమ్మ ఆ విధంగానే పేరు తెచ్చుకున్నది. ముఖానికి అర్దళం పూసుకుంటారు. దీపం వెలుతురులో ఆ పసుపుపచ్చ మనిషి ముఖాన్ని మనిషిది కాకుండా చేస్తుంది. కిరీటం, భుజకీర్తులు తేలికపాటి కట్టెతో చేసినవి, వాటి మీద తళతళలాడే అద్దం బిళ్లలు. రాత్రంతా ఎగరాలి కాబట్టి బరువు ఉండకూడదు, దూరం కూర్చున్నవాడికి కనిపించాలి కాబట్టి పెద్దగా ఉండాలి. హాలీవుడ్‌లో హీరో కవచం తయారుచేసేవాళ్లు కూడా ఈ రెండు లెక్కల మధ్యే నలుగుతారు.

పాత్ర వచ్చే తీరు చూడండి. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనక నుంచి గజ్జెల చప్పుడు వస్తుంది, తెర పైన కిరీటం అంచు కదులుతుంది, ప్రవేశ దరువు మొదలవుతుంది. వచ్చేది ఎవరో జనానికి తెలుసు. తెలిసినా ఆగాలి. తెర తీశాక వంత పాడేవాళ్లు అడుగుతారు: అయ్యా, తమరెవరు? ఏ రాజ్యం? ఏం పని మీద వచ్చారు? పాత్ర తన సంగతి తానే చెప్పుకుంటుంది. పేరు, వంశం, పరాక్రమం, అన్నీ. మన సినిమాల్లో హీరో ఎంట్రీ అంటే ముందు చెప్పులు, తర్వాత చెయ్యి, ఆఖరుకు ముఖం. చిందు తెరకు దీనికి తేడా పెద్దగా లేదు. తేడా ఒక్కటే, చిందులో ఎంట్రీ తర్వాత ప్రశ్న ఉంటుంది. నువ్వెవరివని నిలబెట్టి అడుగుతారు. రాజైనా జవాబు చెప్పుకోవాలి. ఆ అడిగేవాడు వేళాకోళం కూడా చేస్తాడు, రాజుగారి మీసాల మీద ఊళ్లో జోకు వేస్తాడు, పటేలునో సర్పంచునో మధ్యలోకి లాగుతాడు. జనం నవ్వుతారు. ఆ నవ్వు అయిపోగానే మళ్లీ భయం మొదలు. నవ్వునూ భయాన్నీ ఇంత దగ్గరదగ్గరగా పెట్టడం రాతలో కుదరాలంటే నాకు చాలా కష్టమవుతుంది.

ఒగ్గుకథకు వేషం కూడా అక్కర్లేదు. ఒగ్గు అంటే చేతిలో పట్టుకునే చిన్న డమరుకం. కురుమవాళ్లు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్తారు. డోలు, తాళాలు ఉంటాయి, ప్రధాన కథకుడికి వంతగాళ్లు ఉంటారు. భుజం మీది గుడ్డే మొత్తం సామగ్రి. దాన్ని నెత్తి మీద కప్పుకుంటే ఆడమనిషి, చంకలో చుట్టుకుంటే పసిబిడ్డ, నడుముకు బిగిస్తే రాజు. కథకుడు ఒక మాట రాణిగా ఏడుస్తాడు, మరుక్షణం వంతగాడి వైపు తిరిగి ఏడుపు ఎట్లుందని అడుగుతాడు. విన్నవాడి కళ్లు మాత్రం ఆరవు. జనగామ ప్రాంతం చుక్క సత్తయ్య, మా వేములవాడ వైపు హనుమాజీపేట మిద్దె రాములు ఈ కళను పెద్ద పెద్ద వేదికల మీదికి తీసుకుపోయారు. అన్నట్టు, 1988 జ్ఞానపీఠం అందుకున్న సి. నారాయణరెడ్డిదీ అదే హనుమాజీపేట. ఒకే ఊరు ఇద్దరిని ఇచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒకరి పేరే పిల్లలకు ఎక్కువగా తెలుస్తుంది.

కోట్ల రూపాయల గ్రాఫిక్స్‌కూ ఒగ్గు గుడ్డకూ పోటీ పెట్టడం నా ఉద్దేశం కాదు. గ్రాఫిక్స్ కూడా కావాలి. రంగం మీద మాయలు చేసిన సురభి నాటకాలను తరతరాలు నోరు తెరుచుకుని చూశాయి. మొదటి పూర్తి తెలుగు టాకీ 1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద'. దాన్ని హెచ్.ఎం. రెడ్డి సురభి నాటకం ఆధారంగానే తీశాడు. తెలుగు సినిమా నోరు తెరిచి చెప్పిన తొలి కథే మా నరసింహుడిది కావడం నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. 1967 'భక్త ప్రహ్లాద'లో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడిగా నడిచొస్తుంటే ఏ మాయా అవసరం లేదు, ఆ నడకే వరం పొందినవాడి నడక. 2025 జులైలో అశ్విన్ కుమార్ తీసిన యానిమేషన్ చిత్రం 'మహావతార్ నరసింహ' తెలుగులోనూ వచ్చింది, పిల్లలతో థియేటర్లు నిండాయి. తొంభై మూడేళ్లలో పరికరం మారింది. స్తంభం దగ్గరికి వచ్చేసరికి అందరూ ఊపిరి బిగపట్టడం మారలేదు.

ఇదే కథ తమిళనాడులో తెలుగు మాట్లాడే విధానం మరీ ఆశ్చర్యం. తంజావూరు దగ్గర మెలట్టూరు అనే ఊరుంది. నాయక రాజుల కాలంలో వెళ్లి స్థిరపడిన భాగవతుల వారసులు అక్కడ నరసింహ జయంతికి భాగవత మేళం ఆడుతారు, తెలుగులో. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద నాటకం అందులో ముఖ్యమైనది. నరసింహుడి ముఖోటాను అక్కడ పూజలో ఉంచుతారు. దాన్ని ధరించేవాడు ఉపవాసం ఉంటాడు. ముఖోటా పెట్టుకున్నాక ఆవేశం వస్తే పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపాల్సి ఉంటుంది. అందుకే హిరణ్యకశిపుణ్ని చంపే ఘట్టాన్ని సూచనగానే ముగిస్తారు. ముసుగు వేసుకున్నవాడు ముసుగుకు లోబడటం అంటే అది.

మా ఊరి నుంచి రాయపట్నం వంతెన దాటితే గోదావరి అవతల పాత ఆదిలాబాద్ జిల్లా. అడవి వైపు వెళ్తే రాజ్‌గోండుల దండారి పండుగ. దీపావళి రోజుల్లో గుస్సాడీ వేషగాళ్లు నెమలి ఈకల టోపీ పెట్టి, ఒంటికి బూడిద పూసుకుని ఆడుతారు. ఆ దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు, వాళ్లను దేవతలుగానే చూస్తారు. పండుగ అయిపోయాక టోపీ దించి మళ్లీ పొలానికి పోతారు. మార్లవాయి గ్రామానికి చెందిన కనకరాజు ఈ ఆటను 2021లో పద్మశ్రీ దాకా తీసుకుపోయి, 2024లో కన్నుమూశాడు. క్లార్క్ కెంట్ ఫోన్ బూత్‌లో దూరి బట్టలు మార్చుకోవడం అమెరికా వాళ్లకు వింత. మా వైపు వేషం వేయడం, వేషం దించడం ఊరందరి కళ్ల ముందే జరుగుతుంది. రహస్యం లేదు. వేషంలో ఉన్నవాడు తమ ఇంటి పక్కవాడేనని తెలిసీ మొక్కుతారు.

ఇక పటం కథల సంగతి. కామిక్ పుస్తకంలో గళ్లు గళ్లుగా బొమ్మలు గీసి కథ నడపడం ఇరవయ్యో శతాబ్దపు కనిపెట్టుడని అనుకునేవాళ్లు సిద్దిపేట జిల్లా చేర్యాలకు వెళ్లి రావాలి. నకాషీ చిత్రకారులు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గడి కింద గడిగా కథ గీస్తారు. పటం పదుల అడుగుల పొడవుంటుంది. కథకుడు దాన్ని వేలాడదీసి, ఒక్కో గడిని పుల్లతో చూపిస్తూ పాడుతాడు. చూడాల్సిన గడి వచ్చేదాకా కింది గడులు చుట్టేసి ఉంటాయి. ఎవరూ ముందుకు తొంగి చూడలేరు.

ఈ పటాలు గీయించుకునేవాళ్లు ఒక్కో కులాన్ని ఆశ్రయించి బతికేవాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్తారు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్తారు, గొల్లలకు మందెచ్చులవాళ్లు కాటమరాజు కథను కట్టెబొమ్మలతో చెప్తారు, మాదిగలకు డక్కలివాళ్లు జాంబపురాణం చెప్తారు. ప్రతి కులానికీ ఓ మూలపురుషుడు, అతనికో పుట్టుక కథ, శక్తి, శత్రువు. అందరూ ఎక్కడో ఒక చోట శివుడి దగ్గరో ఎల్లమ్మ దగ్గరో కలుస్తారు. హాలీవుడ్ వాళ్లు సినిమాటిక్ యూనివర్స్ అని పెద్ద పేరు పెట్టి 2008 'ఐరన్ మ్యాన్' నుంచి 2019 'ఎండ్‌గేమ్' దాకా అల్లిన సాలెగూడు ఇట్లాంటిదే. ఒక్క సంగతి మాత్రం దాచకూడదు. ఈ కథలు కులం గోడల మధ్యనే పెరిగాయి. ఎవరి కథ ఎవరు చెప్పాలో, ఎవరు ఎక్కడ నిలబడి వినాలో ఆ గోడలే నిర్ణయించాయి. పనితనాన్ని మెచ్చుకుంటూ ఆ గోడను మరిచిపోతే అబద్ధం రాసినట్టే.

ఈ కథల్లో నాకు ఎక్కువ పనికొచ్చింది హీరోల పని. పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి పులినెక్కి తిరిగే వీరుడు, రాక్షసుణ్ని చంపినవాడు, కానీ అతను నేత నేశాడు. సిరిసిల్లలోనో జగిత్యాలలోనో మగ్గం ముందు కూర్చున్నవాడికి ఆ కథ తన చేతుల గురించే. కాటమరాజు నెల్లూరు రాజు నల్లసిద్ధితో చేసిన మహాయుద్ధానికి మొదలు ఏమిటి? పుల్లరి. పశువులు గడ్డి మేసినందుకు కట్టాల్సిన పన్ను మీద తగాదా. లోకాన్ని రక్షించడం అనే మాట అందులో లేదు. మంద మేయాలి, కరువు వచ్చింది, గడ్డి ఎక్కడుందో అక్కడికి పోవాలి. యుద్ధం అట్లా వచ్చింది. విన్నవాడికి తన దొడ్లో పశువు గుర్తొచ్చి కన్ను చెమ్మగిల్లుతుంది.

స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో స్పైడర్‌మ్యాన్‌ను తెచ్చినప్పుడు అమెరికా కుర్రాళ్లు మీద పడి చదవడానికి కారణం కూడా దాదాపు ఇదే. గోడలెక్కే ఆ పిల్లవాడికి డబ్బు కటకట, బడిలో ఎగతాళి, ఇంట్లో ముసలి అత్త. గూండాలను కొట్టడం ఒక ఎత్తు, నెలాఖరు ఇంకో ఎత్తు. ఆ నెలాఖరు కనిపించినన్నాళ్లూ సినిమాలు బాగున్నాయి. గత పదేళ్లలో చాలా సూపర్ హీరో సినిమాల్లో ఆఖరి అరగంట ఆకాశం చీలుతుంది, నగరం కూలుతుంది, ఆ నగరంలో ఎవరూ అన్నం వండుకుంటున్నట్టు కనిపించదు. ఎవరి ఊరూ కాని ఊరు పోతే ఎవరికి బాధ? 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ 'హనుమాన్' చిన్న బడ్జెట్‌తో పెద్ద సినిమాల మధ్య నిలబడటానికి ఒక కారణం అంజనాద్రి అనే కల్పిత పల్లె, అందులో అల్లరిచిల్లరగా తిరిగే తమ్ముడు, అతన్ని వెనకేసుకొచ్చే అక్క. పైగా ఆ హీరో శక్తి వెలుతురు ఉన్నప్పుడే పనిచేస్తుంది. హద్దు పెట్టారు కాబట్టి కథ ఊపిరి పీల్చుకుంది. ఆ సినిమా చివరి భాగం నాకు అంతగా నచ్చలేదు, అది వేరే మాట.

బలవంతుడైన దేవుణ్ని బలహీనుడి చోటు నుంచి చూడటం మా ఊరి శేషప్ప కవి చేసిన పని. నరసింహ శతకం తెలుగు నాట బడిపిల్లల నోళ్లలో నానింది, మకుటంలో ధర్మపురి పేరు ఉండటం వల్ల ఈ ఊరు చూడనివాళ్లకు కూడా ఊరి పేరు తెలుసు. శేషప్ప మొదట్లోనే తనకు కావ్యాలు, నిఘంటువులు చదివిన పాండిత్యం లేదని చెప్పుకుంటాడు. ఆ తర్వాత స్వామిని పొగుడుతాడు, నిలదీస్తాడు, అలుగుతాడు, దెప్పుతాడు. ఓ పద్యంలో ఆయన భయం మరీ నిజమైనది: ఆఖరి ఘడియలో యమదూతలు వచ్చి, గొంతులో కఫం అడ్డుపడి నీ పేరు పలకలేకపోతే? అందుకే ఇప్పుడే పిలుస్తున్నాను, లెక్కలో వేసుకో. యమధర్మరాజుకు గుడి ఉన్న అరుదైన ఊళ్లలో ధర్మపురి ఒకటి, అదీ నరసింహుడి ఆలయ ప్రాంగణంలోనే. దక్షిణ దిక్కు యముడిది, ఇక్కడ గోదావరి కూడా దక్షిణానికే తిరుగుతుంది. ఆ గుడి ముందు రోజూ నడిచినవాడికి ఆ పద్యం ఎట్లా పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. హీరో ఎంత గొప్పవాడో చెప్పడానికి శేషప్ప స్తంభాన్ని బద్దలు కొట్టలేదు. ఒక సామాన్యుడి గొంతులో అడ్డుపడ్డ కఫాన్ని చూపించాడు.

రోజువారీ రాతపనికి ఇవన్నీ ఎట్లా పనికొస్తాయని కొత్తగా రాస్తున్నవాళ్లు అడుగుతుంటారు. నా పద్ధతి చెప్తాను. కథ మొదలుపెట్టేముందు పాత్రకు ఏది కుదరదో రాసుకుంటాను. ఈమె అన్నను అడగలేదు, ఊరు విడిచి పోలేదు, అబద్ధం ఆడలేదు. వరం రాసుకున్నట్టే. ఆ కుదరని వాటి మధ్య సందు దొరికే దాకా కథ ముట్టను. దొరికిందా, సగం పని అయినట్టే. రెండోది, ముగింపు దాచడం మీద ఆధారపడటం మానేశాను. మా వాళ్లందరికీ ముగింపు తెలిసే తెల్లవార్లూ కూర్చున్నారు. పాఠకుడికి ముగింపు ముందే తెలిసినా చదివించగలనా అన్నదే నాకు నేను పెట్టుకునే పరీక్ష. చాలా కథలు అక్కడే పడిపోతాయి, పడిపోయినవి పక్కన పెట్టేస్తాను.

మూడోది పద్ధతి కాదు, బతుకు. చిందు కళాకారుడు రాత్రి హిరణ్యకశిపుడు, పొద్దున కూలీ. కిరీటం రంగు పోతే తానే వేసుకుంటాడు, గజ్జె ఊడితే తానే కుడతాడు, పద్యం మరిచిపోతే పొలం గట్టు మీద మననం చేసుకుంటాడు. సృజన అంటే ఏదో ప్రత్యేకమైన మూడ్ అనీ, ఏకాంతం కావాలనీ మనలాంటి చదువుకున్నవాళ్లం నమ్మించుకున్నాం. వాళ్లకది ఇంటి పని. పిల్ల ఏడుస్తుంటే పక్కన పడుకోబెట్టుకునే అర్దళం పూసుకుంటారు. నేను ఉద్యోగం చేసి వచ్చి, కరెంటు బిల్లు కట్టి, కూర తరిగి ఇచ్చి, మిగిలిన గంటలో రాస్తున్నాను. ఈ గంట గురించి ఫిర్యాదు చేయడం నాకు ఆ మేళాలను చూశాక సిగ్గుగా ఉంటుంది.

ఆ మేళాల పరిస్థితి మాత్రం బాగాలేదు. వాళ్లకు మిరాశి ఊళ్లుండేవి. ఫలానా మేళం ఫలానా ఊళ్లలోనే ఆడాలి, ఆ ఊళ్లవాళ్లు త్యాగం, అంటే ఆటకు ప్రతిఫలం, ఇవ్వాలి అన్నది పాత కట్టుబాటు. వలసలు, టీవీలు, మారిన వ్యవసాయం ఆ కట్టుబాటును నీరుగార్చాయి. కట్టుబాటు పోవడంలో మంచి కూడా ఉంది, కులం పేరుతో కట్టిపడేసిన పని అది. కానీ దాని చోట వేరే జీతం రాలేదు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషం. పురస్కారం ఒక మనిషికి వస్తుంది, మేళానికి పదిమంది కావాలి. ఆ పదిమందిలో ఇరవై ఏళ్లవాళ్లు ఎందరున్నారో లెక్క చూస్తే సంతోషం తగ్గిపోతుంది.

సినిమావాళ్లతో నాదొక మాట. మన పురాణ వీరులతో పెద్ద సినిమాలు తీయడం మొదలుపెట్టారు, మంచిదే. కానీ జాతర పాటలో వెనక డప్పు కొట్టడానికే ఈ కళాకారులను పిలుస్తున్నారు. వాళ్లను కథ చర్చల్లో కూర్చోబెట్టండి. హీరో ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఆపాలో, జనం ఎక్కడ నవ్వుతారో మీ ఎడిటర్ కన్నా వాళ్లకు ముందు తెలుస్తుంది. దానికి పారితోషికం ఇవ్వండి, పేరు వేయండి.

చదివేవాళ్లతో ఇంకొకటి. మీ ఊరు ఏ మేళానికి మిరాశో పెద్దవాళ్లను అడిగి కనుక్కోండి. సూపర్ హీరో సినిమాకు ఇంటిల్లిపాదీ టికెట్లకూ పాప్‌కార్న్‌కూ పెట్టే డబ్బులో సగం వేసినా, వాడకట్టు వాళ్లంతా కలిస్తే ఒక రాత్రి ఆట పెట్టించవచ్చు. పిల్లలను వెంట తెచ్చుకోండి, ముసుగులు పెట్టుకునే రానివ్వండి. ప్రహ్లాద ఆట అడగండి. గంట చూసి లేచిపోవద్దు, స్తంభం పగిలేది తెల్లారగట్ల.